కడుపు కోసం వేసుకున్న క్యాప్సూల్ నీరసాన్నీ తగ్గిస్తుందా? ఐబీఎస్, ఎంఈ/సీఎఫ్ఎస్, పేగు బ్యాక్టీరియా

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఆసుపత్రులను ఆనుకుని ఉండే మందుల షాపులో పది నిమిషాలు నిలబడితే, ‘మంచి బ్యాక్టీరియా’ (ప్రొబయోటిక్) పేరుతో క్యాప్సూళ్లు, పొడి ప్యాకెట్లు, వేలెడంత ప్లాస్టిక్ సీసాలు ఎన్ని రకాలుగా చేతులు మారుతున్నాయో తెలుస్తుంది. ఒకప్పుడు పసిపిల్లల విరేచనాలకూ, యాంటీబయోటిక్ కోర్సుకు తోడుగానూ రాసిన ఈ సరుకు ఇప్పుడు గ్యాస్ ట్రబుల్‌కు, నిద్రకు, దిగులుకు, చివరికి ఎంత పడుకున్నా తీరని నీరసానికి కూడా పనిచేస్తుందన్న ప్రచారం ఫోన్లలో వీడియోలుగా తిరుగుతోంది. ఆ ప్రచారం ఊరికే పుట్టలేదు. దాని వెనుక పరిశోధన ఉంది. ఆ పరిశోధన చెప్పినదానికీ సీసా మీద రాసినదానికీ మధ్య దూరం ఎంత ఉందన్నదే ఇక్కడ చూడవలసిన విషయం.

విషయం పట్టుబడటానికి ఒక ఊహాజనితమైన మనిషిని ముందుంచుకుందాం. సత్యనారాయణపురంలో ఉండే నలభై ఏళ్ల బ్యాంకు ఉద్యోగిని రెండేళ్ల కిందట వాంతులు, విరేచనాలతో వారం రోజులు మంచం పట్టారు. అవి తగ్గాయి గాని, అప్పటి నుంచి వారంలో రెండు మూడు రోజులు కడుపులో మెలిపెట్టే నొప్పి, ఒకరోజు మలబద్ధకం, మర్నాడు నాలుగైదు విరేచనాలు. దానికి తోడు ఆదివారం ఇల్లు సర్దితే సోమవారం సాయంత్రానికి ఒళ్లు కూలబడి మంగళవారమంతా లేవలేని స్థితి. రక్తపరీక్షలన్నీ ‘నార్మల్’ అని వచ్చాయి. ఇంట్లోవాళ్లు టెన్షన్ తగ్గించుకోమంటున్నారు, పక్క సీటు ఉద్యోగిని ఒక ప్రొబయోటిక్ పేరు చీటీ మీద రాసిచ్చారు.

రెండు జబ్బులు, రెండు కొలబద్దలు

ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. పేగు గోడలో పుండు, గడ్డ వంటివేవీ ఎండోస్కోపీకి కనిపించకపోయినా, పేగు కదిలే తీరూ, అది నొప్పిని మెదడుకు చేరవేసే తీరూ గాడి తప్పడం వల్ల వచ్చే బాధ ఇది. 2016లో వెలువడిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధం ఉండటం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, మలం గట్టిగానో పల్చగానో మారడం అనే మూడింటిలో రెండు తోడవ్వాలి. బాధ మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి. నొప్పి లేకుండా తేన్పులూ ఉబ్బరమూ మాత్రమే ఉంటే అది మన వాడుకలో గ్యాస్ ట్రబుల్ అవుతుంది గాని ఐబీఎస్ కాదు.

రెండో జబ్బు మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ లేదా క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, కుదించి ఎంఈ/సీఎఫ్ఎస్. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో ఇచ్చిన నిర్వచనంలో మూడు తప్పనిసరి లక్షణాలున్నాయి: మునుపటి పనులు చేసుకోలేనంత నిస్సత్తువ ఆరు నెలలకు పైగా ఉండటం, నిద్ర లేచినా బడలిక తీరకపోవడం, శ్రమ తర్వాత జబ్బు ముదరడం. వీటికి తోడు ఆలోచన మందగించడమో, నిలబడితే తల తిరగడం, గుండెదడ వంటివి రావడమో ఉండాలి. ఈ జబ్బుకు ఆనవాలు శ్రమ తర్వాత ముదరడమే. మామూలు అలసట పని చేసిన వెంటనే వచ్చి ఒక రాత్రి నిద్రతో పోతుంది. ఇక్కడ దెబ్బ కొన్ని గంటలో ఒక రోజో ఆలస్యంగా తగిలి, రోజుల తరబడి ఉంటుంది. మన ఉద్యోగిని ఆదివారం చేసిన పనికి మంగళవారం మంచం పట్టడం అదే. వ్యాయామాన్ని నిర్ణీత లెక్కన పెంచుకుంటూ పోవాలన్న పాత సలహాను బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021లో ఉపసంహరించుకోవడానికి గల కారణాల్లో ఇదీ ఒకటి.

మన ప్రాంతంలో ఈ పేరు దాకా వెళ్లేముందు దాటవలసిన గుమ్మాలు చాలా ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని చెప్పింది. థైరాయిడ్ లోపం, మధుమేహం, గురకతో చెడిన నిద్ర, శాకాహారుల్లోనూ మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలోనూ కనిపించే బీ12 లోపం, కుంగుబాటు, ఇవన్నీ నీరసాన్నే తెస్తాయి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే వైద్యులు ఐబీఎస్ అనుకుని ఊరుకోరు; పేగు క్షయ మన దేశంలో ఇంకా ఉన్న జబ్బే.

నీళ్లు చెడిన ఊళ్లలో బయటపడిన సంగతి

2018 మార్చిలో గుంటూరులో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి. ఇలాంటప్పుడు మన లెక్క ఎందరు చేరారు, ఎందరు డిశ్చార్జి అయ్యారు అన్న దగ్గర ఆగిపోతుంది. ఇంటికి వెళ్లిన మూడేళ్లకు వాళ్ల కడుపు ఎలా ఉందని అడిగిన ఊళ్లు ప్రపంచం మొత్తం మీద కొన్నే ఉన్నాయి. వాటిలో నార్వేలోని బెర్గెన్ ఒకటి.

2004లో బెర్గెన్ నగరపు నీటి సరఫరాలో విరేచనాలు తెచ్చే జియార్డియా కలిసింది. ప్రయోగశాలలో ధ్రువపడిన రోగులే 1,200 మందికి పైగా ఉన్నారు. మూడేళ్ల తర్వాత వారిని, అదే ఊళ్లో జబ్బు పడనివారిని ప్రశ్నావళితో పలకరిస్తే, ఐబీఎస్ లక్షణాలు జబ్బు పడినవారిలో 46 శాతం మందికి, పడనివారిలో 14 శాతం మందికి ఉన్నాయి. దీర్ఘకాలిక నీరసం మొదటి వర్గంలో 46 శాతం, రెండో వర్గంలో 12 శాతం. పదేళ్లకు మళ్లీ అడిగినప్పుడు ఐబీఎస్ 43 శాతం దగ్గర దాదాపు అక్కడే నిలిచింది; నీరసం మాత్రం 26 శాతానికి దిగింది.

ఈ అంకెలను రెండుసార్లు చదవాలి. ఒకే సంఘటనతో మొదలైన రెండు బాధలు తర్వాత వేర్వేరు దారుల్లో నడిచాయి: ఒకటి ఉండిపోయింది, మరొకటి కొందరిలో సడలింది. కడుపు బాగుపడితే నీరసమూ దానంతటదే పోతుందన్న ఊహకు ఈ అంకెలు అంత సులువుగా లొంగవు. రెండు జాగ్రత్తలు కూడా అవసరం. అక్కడ కొలిచింది ప్రశ్నావళి ప్రకారం దీర్ఘకాలిక నీరసాన్ని. ఎంఈ/సీఎఫ్ఎస్ నిర్వచనం అంతకంటే ఇరుకైనది. పైగా జియార్డియా బ్యాక్టీరియా కాదు, ఏకకణ పరాన్నజీవి. బ్యాక్టీరియా వల్ల నీళ్లు చెడిన కెనడాలోని వాకర్టన్‌లో కూడా 2000 తర్వాత ఐబీఎస్ పెరిగింది, అయితే ఎనిమిదేళ్లకు గణనీయంగా తగ్గింది.

పేగులో ఉన్నవాళ్లు చేసే పని

మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉన్నాయని 2016లో వేసిన లెక్క. మానవ కణాలు సుమారు 30 లక్షల కోట్లు. బ్యాక్టీరియా మన కణాలకు పదింతలన్న మాట ఇంకా వ్యాసాల్లో కనిపిస్తూనే ఉంటుంది గాని అది పాతబడిన అంచనా. వీటిలో అత్యధికం పెద్దపేగులో ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచును ఇవి పులియబెట్టి బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ప్రధానమైన ఇంధనం అదే. పేగు గోడను బిగువుగా ఉంచడంలోనూ, రోగనిరోధక వ్యవస్థ అనవసరంగా రెచ్చిపోకుండా చూడటంలోనూ దానికి పాత్ర ఉంది. ఫేకాలిబాక్టీరియం ప్రౌస్నిట్జి అనే నోరు తిరగని పేరున్న బ్యాక్టీరియా ఈ పనిలో ముందుంటుంది. ఈ పేరు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

రోగుల మలంలో కనిపించిన తేడాలు

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 2016లో 48 మంది ఎంఈ/సీఎఫ్ఎస్ రోగులను 39 మంది ఆరోగ్యవంతులతో పోల్చి, రోగుల్లో బ్యాక్టీరియా వైవిధ్యం తక్కువగా ఉందని చెప్పింది. మరుసటి ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయం 50 మంది రోగులను తీసుకుంది. వారిలో 21 మందికి ఐబీఎస్ కూడా ఉంది. ఐబీఎస్ ఉన్న రోగుల బ్యాక్టీరియా అమరిక ఒక తీరుగా, లేనివారిది మరో తీరుగా తేలింది. అంటే అంతకుముందు ‘నీరసపు బ్యాక్టీరియా’ అనుకున్నదాంట్లో కొంత భాగం నిజానికి ఐబీఎస్ జాడ కావచ్చు. రెండు జబ్బులూ కలిసి ఉన్నవారి విషయంలో ఇది చిన్న మెలిక కాదు.

2023 ఫిబ్రవరిలో ఒకేసారి రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. కొలంబియా బృందం 106 మంది రోగులను 91 మంది ఆరోగ్యవంతులతో పోల్చి, బ్యూటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియా రోగుల్లో తగ్గాయని, ఇందాకటి ఫేకాలిబాక్టీరియం ఎంత తక్కువగా ఉంటే నీరసం అంత ఎక్కువగా ఉందని చూపింది. జాక్సన్ లేబొరేటరీ బృందం రోగులను నాలుగేళ్ల లోపు జబ్బు ఉన్నవారు, పదేళ్లు దాటినవారు అని విడదీసింది. బ్యాక్టీరియా తేడాలు కొత్త రోగుల్లోనే ఎక్కువగా కనిపించాయి; పాత రోగుల పేగు ఆరోగ్యవంతుల పేగుకు దగ్గరగా వచ్చింది, వారి లక్షణాలూ రక్తంలోని జీవరసాయన తేడాలూ మాత్రం ముదిరాయి.

దీన్ని రెండు విధాలుగా చదివేవారున్నారు. పేగులో మొదలైన మార్పు శరీరంలో ఒక గొలుసును కదిలించి, తర్వాత తాను సర్దుకుందనేది ఒక వాదన. అలాగైతే బ్యాక్టీరియాను సరిచేసే చికిత్సకు మొదటి కొన్నేళ్లే అదను. జబ్బు వల్ల తిండి, కదలిక, మందులు మారి, వాటి వెంట బ్యాక్టీరియా మారిందనేది రెండో వాదన. అలాగైతే బ్యాక్టీరియా నీడ లాంటిది, నీడను సరిచేస్తే మనిషి మారడు. రెండో వాదనకు బలమిచ్చే సంగతి ఒకటుంది. ఆహారం పేగులో ఎంతసేపు నిలిచిందన్నది, అంటే మలం గట్టిగా ఉందా పల్చగా ఉందా అన్నది, మలంలో కనిపించే బ్యాక్టీరియా అమరికను గట్టిగా ప్రభావితం చేస్తుంది. ఐబీఎస్‌లో మారేదే అది. రోజులో ఎక్కువసేపు మంచం మీద ఉండే మనిషి పేగు నెమ్మదించడం కూడా సహజమే. నా దృష్టిలో ఇప్పటికున్న ఆధారాలు ఏ వాదననూ పూర్తిగా గెలిపించలేవు.

ఇంటికి కిట్ పంపి మలం నమూనాతో ‘గట్ రిపోర్టు’ ఇచ్చే పరీక్షల బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఆరోగ్యకరమైన అమరిక ఇదీ అని ఒప్పుకున్న కొలత లేదు. భారతీయుల పేగుల్లో ప్రివొటెల్లా జాతి ఎక్కువ. పాశ్చాత్యుల నమూనాలతో తయారైన పట్టికలో పెడితే అన్నం, పప్పు తినే ఆరోగ్యవంతుడికి కూడా ఎర్ర గీతలు పడవచ్చు.

సీసా మీది అంకెలను ఎలా చదవాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల 2001 నిర్వచనం ప్రకారం ప్రొబయోటిక్ అంటే తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే, బతికున్న సూక్ష్మజీవి. ‘మేలు’ రుజువయ్యేది ఒక నిర్దిష్టమైన రకానికే. లాక్టోబాసిల్లస్ అన్నది ఇంటిపేరు వంటిది. ఆ ఇంట్లో ఒకరు వైద్యులైనంత మాత్రాన అందరూ ఆపరేషన్లు చేయలేరు. లేబుల్ మీద జాతి పేరు తర్వాత వచ్చే అక్షరాలూ అంకెలే అసలు మనిషి పేరు, చాలా సీసాల మీద అవే ఉండవు.

ఇక మోతాదు. 1,000 కోట్ల బ్యాక్టీరియా అని పెద్ద అక్షరాలతో రాసిన క్యాప్సూల్‌ను ఒంట్లో ఉన్న 38 లక్షల కోట్లతో భాగిస్తే 3,800లో ఒక వంతు వస్తుంది. కాబట్టి ఇవి పేగును ‘నింపుతాయి’ అనడం సరికాదు. పనిచేస్తే దారిలో పోతూ పనిచేస్తాయి, చాలామందిలో వాడటం ఆపిన కొద్ది రోజుల్లోనో వారాల్లోనో కనుమరుగవుతాయి. ఎక్కువైతే మంచిదనుకోవడానికి కూడా లేదు. ఐబీఎస్ ఉన్న 362 మంది మహిళలపై 2006లో వెలువడిన ప్రయోగంలో బిఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్ 35624 అనే రకాన్ని 10 లక్షలు, 10 కోట్లు, 1,000 కోట్లు అనే మూడు మోతాదుల్లో ఇచ్చారు. పనిచేసింది మధ్యదే. అతి పెద్ద మోతాదు క్యాప్సూల్‌లోనే జిగురు ముద్దలా గట్టిపడి సరిగా కరగలేదని తర్వాత తేలింది. మే నెలలో 45 డిగ్రీలు తాకే విజయవాడలో చల్లదనం తప్పనిసరైన రకాలు గోదాము నుంచి ఇంటి ఫ్రిజ్ దాకా ఎలా ప్రయాణించాయన్నది ఇంకో ప్రశ్న. బాసిల్లస్ క్లాసీ వంటి బీజరూప రకాలకు ఆ బెడద తక్కువ.

ఎంఈ/సీఎఫ్ఎస్ రోగులపై నేరుగా జరిగిన ప్రయోగాలు చిన్నవి. 2009లో 39 మందికి రోజుకు 2,400 కోట్ల లాక్టోబాసిల్లస్ కేసీ షిరోటాను రెండు నెలలు ఇచ్చారు. ఆందోళన లక్షణాలు తగ్గాయి. నీరసం తగ్గిందని రుజువు కాలేదు. ఇదే రకం ఉన్న 65 మిల్లీలీటర్ల సీసా మన దగ్గర 650 కోట్లతో వస్తుంది. అంటే ఆ ప్రయోగంలోని మోతాదుకు రోజుకు దాదాపు నాలుగు సీసాలు కావాలి, వాటితో పాటు నాలుగు సీసాల చక్కెర కూడా. 2013లో ఇందాకటి 35624 రకం ఎనిమిది వారాలు ఇస్తే రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే సీఆర్‌పీ తగ్గింది. రక్తంలో అంకె తగ్గడం, మనిషి లేచి తిరగడం ఒకటి కావు.

ఐబీఎస్ విషయానికి వస్తే ప్రయోగాలు చాలా ఉన్నాయి, పెద్దల మాట మాత్రం కలవలేదు. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజికల్ అసోసియేషన్ 2020లో ప్రయోగాల్లో భాగంగా తప్ప వాడవద్దంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021లో కూడా సిఫారసు చేయలేదు. అదే ఏడాది బ్రిటిష్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ, కోరుకునేవారు 12 వారాల వరకు వాడి చూడవచ్చునని, ఫలితం లేకపోతే ఆపేయాలని చెప్పింది. అందరి ముందూ ఉన్న ప్రయోగాలు దాదాపు అవే. అన్ని రకాలనూ ఒకే కుప్పగా పోసి చూస్తే సగటున కాస్త మేలు కనిపిస్తుంది. ఒక్కొక్క రకాన్ని విడదీస్తే దేనికీ గట్టి రుజువు మిగలదు. కుప్పను చూసినవారు సరే అన్నారు, గింజను చూసినవారు వద్దన్నారు.

పెరుగు, చద్దన్నం, ఉల్లిపాయ

ఇంటి పెరుగులో బతికున్న బ్యాక్టీరియా ఉంటాయి గాని, ఏ రకం, ఎన్ని అన్నది తోడును బట్టి, వేడిని బట్టి రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి శాస్త్ర పరిభాషలో దాన్ని ప్రొబయోటిక్ అనరు. అంతమాత్రాన అది తక్కువది కాదు. దక్షిణాదిలో చాలామందికి పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ సరిగా అరగదు. తోడుకున్న పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గి ఉంటుంది, మిగిలినదాన్ని అరిగించడానికి అందులోని బ్యాక్టీరియా సాయపడతాయి. కాఫీకి ఉబ్బరించే కడుపు మజ్జిగకు ఊరుకోవడానికి కారణం అదే. చద్దన్నం మీద ఇటీవల పెరిగిన మోజులో సగం న్యాయముంది: వండి చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం అరగని రూపానికి మారి పెద్దపేగు బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. అది నీరసాన్ని పోగొడుతుందన్న రెండో సగానికి ఆధారం లేదు.

బ్యాక్టీరియాకు ఆహారమైన పీచును ప్రీబయోటిక్ అంటారు. బ్యూటిరేట్ తగ్గిందంటే పీచు పెంచాలి కదా అనిపిస్తుంది. అడ్డం పడేది ఐబీఎస్. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, కందిపప్పు వంటివాటిలో ఉండి, చిన్నపేగులో ఇంకకుండా పెద్దపేగులో వేగంగా పులిసే చక్కెరలను ఫోడ్‌మ్యాప్‌లు అంటారు. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన పద్ధతిలో వీటిని రెండు నుంచి ఆరు వారాలు తగ్గించి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి ఏది పడదో కనిపెడతారు. కడుపునొప్పికి ఇది చాలామందిలో పనిచేస్తుంది, కాని అదే సమయంలో బిఫిడోబాక్టీరియా తగ్గుతాయి. ఒక జబ్బుకు ఉపశమనం ఇచ్చే తిండి, రెండో జబ్బులో తక్కువయ్యాయంటున్న బ్యాక్టీరియాకు కరవు తేవచ్చు. అందుకే మొదటి దశలోనే నెలల తరబడి ఉండిపోవడం ఆ పద్ధతి ఉద్దేశం కాదు. నెమ్మదిగా పులిసే ఇసబ్‌గోల్ ఈ రెండింటి నడుమ చాలామందికి సరిపడుతుంది.

గుంటూరు మిరపకాయ మాట ఎత్తకుండా ఈ ప్రాంతంలో కడుపు గురించి ముగించలేం. కారంలోని క్యాప్సైసిన్ పేగులోని నొప్పి నరాల మీద నేరుగా పనిచేస్తుంది, ఐబీఎస్ ఉన్న కొందరిలో క్యాప్సైసిన్‌ను పట్టుకునే గ్రాహకాలున్న నరాలు ఎక్కువగా కనిపించాయి. గొడ్డుకారం తిన్న మధ్యాహ్నం వచ్చే నొప్పి ప్రధానంగా నరాలకు సంబంధించినది.

క్యాప్సూల్‌లో ఉండే మిగతా సరుకు

కొన్ని ప్రొబయోటిక్ క్యాప్సూళ్లలో ఇన్యులిన్, ఎఫ్ఓఎస్ అనే ప్రీబయోటిక్ పీచులు కలుపుతారు; చప్పరించే బిళ్లల్లో తీపికి సార్బిటాల్, మన్నిటాల్ వేస్తారు. ఇవన్నీ ఫోడ్‌మ్యాప్‌లే. ‘ప్రొబయోటిక్ పడలేదు’ అన్నవారిలో కొందరికి పడనిది ఇదే. నీరసానికని వేసుకునే మెగ్నీషియం విరేచనాన్ని వదులు చేస్తుంది, ఇనుము మలబద్ధకం తెస్తుంది; మలబద్ధకం, విరేచనాలు మారిమారి వచ్చే మనిషి ఈ రెండూ వేసుకుంటే కడుపు మాట వినడం కష్టం. వారానికొకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల విటమిన్ డీని రోజూ వేసుకుని రక్తంలో కాల్షియం పెరిగి ఆసుపత్రిలో చేరేవారున్నారు; కాల్షియం పెరిగితే వచ్చే మొదటి లక్షణాల్లో నీరసమూ మలబద్ధకమూ ఉంటాయి.

అంటురోగం తర్వాత విరేచనాల ఐబీఎస్ వచ్చి, పేగు గోడ బిగువు తగ్గిన 106 మందిపై 2019లో వెలువడిన ప్రయోగంలో గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం తీసుకున్నవారిలో 79.6 శాతం మంది, ఉత్తుత్తి మందు (ప్లాసిబో) తీసుకున్నవారిలో 5.8 శాతం మంది మెరుగయ్యారు. ఐబీఎస్ ప్రయోగాల్లో ఉత్తుత్తి మందుకే సాధారణంగా మూడోవంతు దరిదాపుల్లో మెరుగవుతారు కాబట్టి, ఇంత తేడా ఉత్సాహం కంటే ముందు మరో ప్రయోగాన్ని కోరుతుంది. ఇక ప్రొబయోటిక్‌లు అందరికీ నిరపాయమూ కాదు: నెదర్లాండ్స్‌లో తీవ్రమైన పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) రోగులపై 2008లో వెలువడిన ప్రయోగంలో ప్రొబయోటిక్ తీసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి.

బాగైందని ఎలా తెలుస్తుంది

మన ఉద్యోగిని దగ్గరికి తిరిగి వద్దాం. మనిషి మందు మొదలుపెట్టేది సాధారణంగా బాధ శిఖరాన ఉన్నప్పుడే; ఎగుడుదిగుడుగా నడిచే జబ్బులో ఆ తర్వాత వచ్చేది దిగుడే. ఆమె క్యాప్సూల్‌తో పాటు అదే నెలలో కాఫీలో పాలు మానేశారు, పది రోజులు సెలవు కూడా పెట్టారు. మూడు మార్పులు ఒకేసారి జరిగినప్పుడు పేరు క్యాప్సూల్‌కే పోతుంది, ఎందుకంటే డబ్బు పెట్టింది దానికే.

అలా కాకుండా ఆమె నోటుపుస్తకంలో రెండు గళ్లు గీసి, ఒకదాంట్లో కడుపునొప్పి ఉన్న రోజులను, రెండోదాంట్లో శ్రమ తర్వాత మంచం పట్టిన రోజులను రాశారనుకుందాం. ముందు నాలుగు వారాలు ఏమీ మార్చకుండా, తర్వాత 12 వారాలు క్యాప్సూల్‌తో, ఆపైన నాలుగు వారాలు అది లేకుండా. మొదటి గడిలో నెలకు పది రోజులున్న నొప్పి క్యాప్సూల్ కాలంలో ఐదుకు తగ్గి, ఆపిన నెలలో మళ్లీ తొమ్మిదికి ఎక్కితే, ఆ రకం ఆమె కడుపుకు సాయపడి ఉండవచ్చునని అనుకోవడానికి కొంత ఆధారం దొరికినట్టే. ఆపినా ఐదు దగ్గరే ఉండిపోతే, జబ్బు తన దారిన తాను తగ్గి ఉండవచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ నీరసం గురించి మొదటి గడి ఏమీ చెప్పదు. రెండో గడిలో ఆ ఇరవై వారాలూ, క్యాప్సూల్ ఉన్నా లేకపోయినా, ఇల్లు సర్దిన ప్రతి ఆదివారం తర్వాతి మంగళవారానికి ఒకే గుర్తు పడుతుంటే, ఆమె చేతిలో ఉన్నది కడుపు మందు మాత్రమే.